ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వండి

ఇప్పుడే లాప్‌టాప్ మూసేసి వచ్చాను. అన్నం సయించలేదు, కోపం దిగలేదు. ఇక్కడ రాసుకోకపోతే ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు.

రెండేళ్ళుగా ఫ్రెంచ్ నేర్చుకుంటున్నానని మీలో చాలామందికి తెలుసు. ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో నాకు నేర్పేవాళ్ళు దొరకలేదు, అంతా ఆన్‌లైనే. బీ1, అంటే మధ్యస్థాయి పుస్తకం అయిపోయింది. చదివితే అర్థమవుతుంది, రాయమంటే పేజీ రాస్తాను. మాట్లాడమంటేనే నోరు పెగలదు. అందుకే జీతంలోంచి డబ్బు తీసి ప్రత్యేకంగా సంభాషణ క్లాసులో చేరాను. గంట క్లాసు, 12 మందిమి. టీచర్ అసలు నోరే విప్పకపోయినా మనిషికి 5 నిమిషాలు వస్తాయి. ఆవిడ ఇవాళ 40 నిమిషాలు మాట్లాడారు.

మీకు ఇష్టమైన మనిషి గురించి చెప్పండి అన్నది ఇవాళ్టి అంశం. నేను మా అమ్మమ్మ గురించి చెబుదామనుకున్నాను. ఆవిడ పోయి ఏడాది కాలేదు. తెల్లారకముందే లేచి మా అందరికీ చోడి (రాగి) అంబలి కాచేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని తెలుగులో మొదలుపెట్టిన కథని ఒడియాలో ముగించేది. ఇదంతా నిన్న రాత్రి మనసులో ఫ్రెంచ్‌లో కూర్చుకున్నాను. తీరా నా వంతు వచ్చాక మొదటి వాక్యమే 'జ మాంక్ మా గ్రాంమేర్' అనేశాను. తప్పే. ఫ్రెంచ్‌లో అది తిరగబడుతుంది, 'మా గ్రాంమేర్ మ మాంక్' అనాలి. అమ్మమ్మ నాకు లోటుగా ఉంది అన్నట్టన్నమాట. మన తెలుగుకి ఎంత దగ్గరో చూడండి! ఇంగ్లీషు మీదుగా వెళ్ళబట్టే తప్పాను, తెలుగులో ఆలోచించి ఉంటే సరిగ్గా వచ్చేది.

మేడమ్ ఆపి సరిదిద్దారు. మళ్ళీ మొదలుపెట్టాను. 'ర' గొంతులోంచి రావడం లేదని ఆపి మూడుసార్లు అనిపించారు. మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి లింగం తప్పిందని ఆపారు. ఎవరో మైకు కట్టెయ్యకుండా కిసుక్కున నవ్వారు. మేడమ్ ఇంగ్లీషులోకి మారిపోయి, టైమ్ అయిపోయింది, నెక్స్ట్ అన్నారు. నేను అంబలి దాకా కూడా రాలేదు.

పోయిన మనిషి గురించి చెబుతుంటే ఎవరైనా 'ర' చూస్తారా?

ఐరోపా వాళ్ళు 2001లో ప్రచురించిన స్థాయిల పట్టిక ఉంది, ఈ బీ1, బీ2 పేర్లన్నీ అందులోవే. బీ1 మనిషి ఎలా మాట్లాడతాడో అందులోనే రాసి ఉంది. మాట కోసం, వ్యాకరణం కోసం ఆగుతాడు, తడుముకుంటాడు, సరిదిద్దుకుంటాడు, అది పైకి స్పష్టంగా కనిపిస్తుంది, అయినా అర్థమయ్యేలా ముందుకు సాగుతాడు. ఉచ్చారణలో పరాయి యాస అప్పుడప్పుడూ వినిపిస్తుంది, అయినా మాట స్పష్టంగా తెలుస్తుంది. అంటే నేను ఇవాళ తడుముకున్నది నా స్థాయికి తగ్గట్టే. నన్ను సాగనివ్వకపోవడమే అన్యాయం. డెల్ఫ్ అని ఫ్రెంచ్ సర్టిఫికెట్ పరీక్ష ఉంది, దాని బీ1 మౌఖిక పరీక్ష కూడా దాదాపు 15 నిమిషాలు ఉంటుంది. ముందు మన గురించి మాట్లాడిస్తారు, తర్వాత ఒక సన్నివేశం ఇచ్చి ఎదుటివారితో సంభాషించమంటారు, చివర్లో ఒక విషయం మీద మన అభిప్రాయం చెప్పమంటారు. ముందుగా సిద్ధం కావడానికి 10 నిమిషాలు ఇచ్చేది ఆ చివరి భాగానికే. మిగతా రెండూ అప్పటికప్పుడే. మూడు మాటలకోసారి ఆపే క్లాసులో కూర్చుంటే అది ఎలా అలవాటవుతుంది?

పైగా పుస్తకంలో నేర్పే ఫ్రెంచ్ వేరు, వాళ్ళు వీధిలో మాట్లాడేది వేరు. నాకు తెలియదు అనడానికి పుస్తకంలో 'జ న సె పా' అని ఉంటుంది. మాటల్లో 'న' ఎగిరిపోయి 'షె పా' అంటారు. మేము అనడానికి 'ను' బదులు 'ఓఁ' వాడతారు. 'లె', 'అమి' కలిస్తే 'లెజమి', అచ్చం మన సంధిలాగే. ఆలోచించుకోవడానికి మనం 'అదీ...' అని సాగదీసినట్టు వాళ్ళు 'బాఁ', 'అన్ఫెట్' అంటారు. ఇవి తెలిస్తే ఆగిపోకుండా ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. రెండేళ్ళలో ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. ఫ్రాన్స్ వాళ్ళ ఆర్‌ఎఫ్‌ఐ రేడియోలో తేలిక ఫ్రెంచ్‌లో 10 నిమిషాల వార్తలు వస్తాయి. అవి రోజూ విని, ఆపి, వాళ్ళ వెనకే గొంతు కలిపి అంటూ నాకు నేనే పట్టుకున్నాను.

తెలుగు నోటికి ఫ్రెంచ్ పలకదని గ్రూపులో ఒకాయన అన్నాడు. యానాం తెలుగువాళ్ళు 1954 దాకా ఫ్రెంచి పాలనలోనే బతికారు. వాళ్ళ నోరు తెలుగు నోరు కాదా?

అసలు భాష ఎలా నేర్చుకోవాలో మా ఊరికి ఎవరో చెప్పక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇక్కడే బడిపంతులుగా ఉండి, ఇక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, తిరిగి అని నేర్చుకున్నారు. 1931లో దానికి వ్యాకరణం అచ్చువేయించారు. జనం నోట ఉన్న తెలుగే తెలుగు అని పోరాడింది కూడా ఆయనే. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజని భాషా దినోత్సవం చేస్తారు కదా, దండలు వేస్తారు కదా. మరి ఆ పంతులు గారి ఊరి తెలుగు వింటే మీకెందుకండీ నవ్వొస్తుంది?

అవును, సరిహద్దు దాటి అవతల ఉన్న మా చుట్టాలనే అంటున్నాను. పాతపట్నం మాకు పక్క ఊరు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీత ఇవతల పడ్డాం, అంతే తేడా. అయినా విశాఖలో ఏ పెళ్ళికి వెళ్ళినా 'మీది ఒడియా తెలుగు కదా, ఏదీ ఇంకోసారి అను' అంటారు.

పోయిన మాఘంలో జరిగింది చెబుతాను. ఇది చెప్పకుండా నేను ఈ పోస్టు ఆపలేను. మా అక్క కూతురికి తొమ్మిదేళ్ళు. పెళ్ళిలో నా దగ్గరికి వచ్చి 'పిన్నీ, నాకు ఆకలి తగులుతోంది' అంది. ఒడియాలో 'భొకొ లాగుచి' అంటారు, ఆకలి తగులుతుంది అన్నట్టే. ఫ్రెంచ్‌లో 'జే ఫాఁ', నాకు ఆకలి ఉంది అంటారు. మనకి ఆకలి వేస్తుంది. ఆకలి ఒకటే, ఒక్కో భాష ఒక్కోలా పట్టుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల రెండు భాషల్ని ఒక బుర్రలో పెట్టుకుని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మోసుకొచ్చింది. ఎంత పని అది! పక్కనున్న పెద్దవాళ్ళు విరగబడి నవ్వారు. ఒకావిడ దాన్ని నలుగురి ముందుకీ తీసుకెళ్ళి మళ్ళీ అనిపించింది. పిల్ల ఆ పూట అన్నం తినలేదు. ఆ రోజు నుంచి బంధువులు ఫోన్ చేస్తే ఇంగ్లీషులో ఎస్, నో అంటుంది, లేదా ఫోన్ వాళ్ళమ్మకి ఇచ్చేస్తుంది. తెలుగు రాక కాదు.

ఇవాళ ఆ కిసుక్కుమన్న నవ్వు వినగానే నాకు ఆ పిల్ల మొహమే కనిపించింది.

ఆ క్లాసుకి ఇక వెళ్ళను. మిగిలిన డబ్బు పోతే పోయింది. రాయగడలో నాలాగే నేర్చుకుంటున్న స్నేహితురాలు ఉంది. రేపటి నుంచి ఉదయం 6 గంటలకి ఫోన్లో 15 నిమిషాలు ఫ్రెంచ్‌లోనే మాట్లాడుకుంటాం. ఎదుటిమనిషి చెప్పేది పూర్తయ్యేదాకా ఎవరూ ఆపకూడదు. తప్పులు కాగితం మీద రాసుకుని చివర్లో రెండే చెప్పుకుంటాం. రేపు నేను అమ్మమ్మ గురించి మొదటి నుంచీ చెబుతాను.

ఇందాకే అక్కకి కూడా ఫోన్ చేశాను, వేసవి సెలవులకి పిల్లని నా దగ్గరికి పంపించమన్నాను. ఆకలి తగిలితే తగిలిందనే చెప్పమను, అంబలి కాచి పెడతాను అన్నాను.