గీత మీది కాలుకు పట్టా ఇవ్వాలి

బాస్కెట్‌బాల్ రూల్స్ రాసినోళ్లకు వరంగల్ భూముల సంగతి కొంచెం తెలిసుంటే, హద్దుల అధ్యాయం ఇంత మొరటుగా ఉండేది కాదు. కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. చుట్టూ 5 సెంటీమీటర్ల గీత. ఆ గీత కోర్టులోది కాదట! బంతి చేతిలో ఉన్నోడి బొటనవేలు దానికి తగిలినా బయటికి పోయినట్టే లెక్క.

రెఫరీగా నేను విజిల్ ఊదగానే జనంలోంచి ఒకటే ప్రశ్న: "సారూ, కాలు గీత మీదనే ఉన్నది గదా, దాటిందా?" న్యాయమైన ప్రశ్నే. హనుమకొండలో వాన నీళ్లు పోయే నయీంనగర్ నాలా పక్కన ఇదే ప్రశ్న అడుగుతూ మేడలు లేపినోళ్లున్నారు. 2020లోనూ 2023లోనూ నీళ్లు కాలనీల్లోకొచ్చి అవుట్ అని చెప్పాయి గానీ, వానకు విజిల్ లేదు కదా, ఆట పూర్తిగా ఆగలేదు.

ఒక్క రూల్ మాత్రం మనోళ్లకు బాగా ఒంటబట్టింది. బంతి గీత దాటి గాల్లో ఉన్నంతసేపు అవుట్ కాదు. అవతలి నేలకో, మనిషికో, వస్తువుకో తగలాలి. అందుకే హనుమకొండలో పిల్లర్లు హద్దులోనే ఉంటాయి, బాల్కనీలు రోడ్డు మీద ఉంటాయి.

డ్రిబ్లింగ్, అంటే బంతిని నేలకు కొడుతూ పోవడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బంతిని చేతిలో నిలిపాక మళ్లీ నేలకు కొట్టకూడదు. ఈ రూల్ ఆఫీసు ఫైళ్లకు వర్తించదని మనవి.

నా సవరణ ఒక్కటే. సర్కారు జాగల్లో కట్టుకున్న ఇళ్లను క్రమబద్ధీకరించిన 58, 59 జీవోల బాటలో గీత మీది పాదాన్ని కూడా క్రమబద్ధీకరించాలి. అక్కడ పేదలకు 125 గజాల దాకా ఉచితం. ఇక్కడ ఎనిమిదో నంబరు బూటు దాకా ఉచితం, ఆపైన రుసుము. సొంత బూట్లు లేనోళ్లకు మినహాయింపు ఉండాలా వద్దా అన్నది చర్చించవచ్చు.

ఇంకో చిక్కుంది. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్ల బఫర్ ఉన్నట్టే, గీత అవతల కూడా 2 మీటర్ల దాకా ఏ అడ్డమూ ఉండొద్దట. మా కోర్టు బఫర్‌లో మిర్చి బజ్జీల బండి ఉంది. దానికి బంతి తగిలితే అవుటని రూల్ స్పష్టంగానే చెబుతుంది. బండాయన మాత్రం కరెంటు బిల్లు తెచ్చి చూపించిండు. పేరు, మీటరు నంబరు, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడి, బండికి 2 మీటర్ల దూరం వచ్చేదాకా గీతనే లోపలికి జరిపించారు. ఇప్పుడు కోర్టు వెడల్పు 13 మీటర్లు.