సోలకు తవ్వ పెట్టిన జీడీబీ గారికి

ప్రోగ్రామును మధ్యలో ఆపి, లోపల తప్పెక్కడుందో చూపించే సాఫ్ట్‌వేర్ మహారాజశ్రీ జీడీబీ గారికి, నల్లగొండ దగ్గరి ఒక బత్తాయి తోట నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. బోరు మోటారు కూడా క్షేమమని రాయడానికి చెయ్యి రావట్లేదు, ఆ సంగతికే వస్తున్నా.

తమరు 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ చేతుల మీదుగా పుట్టినవారు. నాకంటే పెద్దవారు. ఆర్మ్, మిప్స్, పవర్‌పీసీ, రిస్క్-ఫైవ్, ఏ రకం చిప్పునైనా విప్పి చూపిస్తారని పేరు. అందుకే నాయన బోరుకు స్టార్టర్ బోర్డు చేస్తూ తమరినే నమ్ముకున్నా. చిప్పు ఆర్మ్ రకానికి చెందిన కార్టెక్స్-ఎం3. నీళ్లు అందకపోతే మోటారు దానంతటదే ఆగాలి, ఆగట్లేదు. ఎందుకో చూద్దామని వేపచెట్టు కింద మంచమేసి, ల్యాప్‌టాప్ పెట్టి, ఓపెన్‌ఓసీడీ (చిప్పుకీ తమరికీ మధ్య వంతెన వేసే ప్రోగ్రాము) నడిపి, 3333 పోర్టులో తమరిని కలిపా.

తమరి మొదటి పలుకు: "ట్రంకేటెడ్ రిజిస్టర్ 8 ఇన్ రిమోట్ జీ ప్యాకెట్."

అంటే, చిప్పు పంపిన మూటలో 8వ నంబరు రిజిస్టరు (చిప్పు లోపల అంకెలు దాచుకునే చిన్న అర) సగమే వచ్చిందట. ఇదేం పలకరింపండీ? వైరు వదులైందేమోనని పీకి పెట్టా. కేబుల్ మార్చా. రెండు గంటలకు గానీ అసలు సంగతి బుర్రకెక్కలేదు. చిప్పు తన 17 రిజిస్టర్లూ పద్ధతిగా పంపింది, ఒక్కోటి 4 బైట్లు. తమరేమో నా ల్యాప్‌టాప్‌లోని 64 బిట్ల ఇంటెల్ లెక్కే లోకమనుకుని ఒక్కోదాన్ని 8 బైట్లుగా కొలిచారు. తవ్వంటే రెండు సోలలు. సోలతో పదిహేడు కొలిచి పంపిన బియ్యాన్ని తవ్వతో కొలిస్తే ఏమవుతుంది? ఎనిమిది తవ్వలు నిండుతాయి, తొమ్మిదోది సగమే. తమరు సున్నా నుంచి లెక్కపెడతారు కాబట్టి ఆ తొమ్మిదోది తమరికి 8. చేతిలోది సోలా తవ్వా అని చూసుకోకుండా, బియ్యం తక్కువొచ్చాయని చిప్పు మీద పడ్డారు.

సరే, "సెట్ ఆర్కిటెక్చర్ ఆర్మ్" అని కొట్టా. "అన్‌డిఫైన్డ్ ఐటెమ్" అన్నారు. ఇన్ని తెలిసినవారికి ఆర్మ్ పేరే తెలియదట! నా ల్యాప్‌టాప్‌ను నడిపే ఉబుంటులో మామూలుగా దొరికే తమరికి సొంతింటి భాష ఒక్కటే వచ్చని, పొరుగు భాషలు కావాలంటే జీడీబీ-మల్టీఆర్చ్ అనే ఇంకో అవతారాన్ని పిలవాలని అప్పుడు తెలిసింది. పిలిచా. ఈఎల్‌ఎఫ్ ఫైలు (చిప్పు కోసం తయారుచేసిన ప్రోగ్రాము) చేతికివ్వగానే ఏ రకం చిప్పో తామే కనిపెట్టేశారు. ఆ ముక్క పొద్దున్నే చెప్పుంటే, రెండుసార్లు టీ తెచ్చిన నాయన మూడోసారి ఉత్త చేతులతో వచ్చేవాడు కాదు.

ఎండియన్, అంటే సంఖ్యలో ఏ బైటు ముందు రావాలన్న వరస, మాత్రం ఇంటెల్‌కీ నా చిప్పుకీ ఒకటే కాబట్టి బతికిపోయా. తెలుగులో ఇరవై అయిదంటే పెద్దంకె ముందు, ఉర్దూలో పచ్చీస్ అంటే చిన్నంకె ముందు. మా గడియారం సెంటర్లో పండ్ల బండ్లవాళ్లు రెండు లెక్కలూ రోజంతా నడుపుతారు, ఎవరినీ ఏ సెట్టింగూ అడగరు.

ఇక బ్రేక్‌పాయింట్లు, అంటే ప్రోగ్రామును ఫలానా చోట ఆపే గుర్తులు. ప్రోగ్రాము ఉండే ఫ్లాష్ మెమరీలో ఆరే పడతాయి. అది తమరి పాపం కాదు, ఆ చోటు వచ్చిందో లేదో పోల్చి చూడటానికి చిప్పులో ఉన్న కంపారేటర్లే ఆరు. రేషన్ బియ్యంలా చూసి చూసి వాడి, ఆరోది నీళ్లు అందుతున్నాయో లేదో చూసే ఫంక్షన్లో పెట్టా. చిప్పు టక్కున ఆగింది. ఆగింది చిప్పు ఒక్కటే! అది అంతకుముందు ఆన్ చేసిన రిలే (మోటారు స్విచ్చు) అట్లాగే పట్టుకుని కూర్చుంది. మోటారు ఎన్ని యాంప్స్ లాగుతోందో చూద్దామని "ప్రింట్" కొడితే తమరు "ఆప్టిమైజ్డ్ ఔట్" అని, అంటే ప్రోగ్రామును కుదించినప్పుడే ఆ విలువ ఎగిరిపోయిందని, చేతులెత్తేశారు. ఇటు పైపులో ధార సన్నబడి, గాలి బుసకొడుతోంది.

"ఒరేయ్, మోటారు కాలుతదిరా, ఆపు!" అని నాయన కేక.

"ఆపే ఉంచిన నాయనా!" అన్నా నేను, స్క్రీన్ చూపిస్తూ.

నాయన స్క్రీన్ చూడలేదు. నా ముఖం ఒకసారి చూసి, పోయి పాత స్టార్టర్ డబ్బా మీది ఎర్ర బటన్ నొక్కాడు.

ఇప్పుడు బోర్డు నా బ్యాగులో ఉంది. మోటారు జోలికి రాకుండా బల్బు పెట్టుకుని చూసుకొమ్మని నాయన ఆర్డర్. రేపు పొద్దున తమరు దయచేయగలరు. మల్టీఆర్చ్ అవతారంలోనే రండి, తవ్వ ఇంట్లో పెట్టి రండి.

ఇట్లు,
తమరి బాధితుడు