టాఫ్ట్‌లో తనను చూసుకున్న రూజ్‌వెల్ట్

1904లో అమెరికా అధ్యక్ష ఎన్నిక గెలిచిన రాత్రే థియోడర్ రూజ్‌వెల్ట్ మళ్లీ పోటీ చేయనని ప్రకటించేశారు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లే. ఇచ్చిన మాటకు కట్టుబడి, 1908లో తన యుద్ధ మంత్రి విలియం హోవార్డ్ టాఫ్ట్‌ను నిలబెట్టి గెలిపించారు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ టాఫ్ట్ మీదికే వేరే పార్టీ పెట్టుకుని మరీ బరిలోకి దిగారు.

దీన్ని శిష్యుడు చేసిన ద్రోహంగా చెప్పుకోవడం మామూలే. కానీ తప్పులో పెద్ద వాటా గురువుదేనని నా అభిప్రాయం. టాఫ్ట్ ఎలాంటి మనిషో రూజ్‌వెల్ట్‌కు తెలియంది కాదు. జడ్జిగా పనిచేసినవాడు, సుప్రీంకోర్టే కలగా బతికినవాడు. ఫిలిప్పీన్స్‌లో గవర్నర్‌గా ఉన్నప్పుడు ఆ కోర్టులో పదవి ఇస్తానని స్వయంగా రూజ్‌వెల్టే కబురు పంపారు. అక్కడి పని సగంలో వదిలి రాలేనని టాఫ్ట్ వద్దన్నారు. అప్పగించిన పనిని అంత నమ్మకంగా చేసేవాడు కాబట్టి ఆలోచన కూడా తనలాగే ఉంటుందని రూజ్‌వెల్ట్ అనుకున్నారు.

అసలు తేడా అధికారం దగ్గర ఉంది. చట్టం వద్దనని ప్రతి పనీ దేశం కోసం అధ్యక్షుడు చేయొచ్చని రూజ్‌వెల్ట్ నమ్మకం. చట్టం ఇచ్చినంతవరకే అధ్యక్షుడి అధికారమని టాఫ్ట్ వాదన. ఒకరు అధినేతగా, మరొకరు మంత్రిగా ఉన్నన్నాళ్లు ఈ తేడా బయటపడే అవసరం రాలేదు.

గెలిచిన వెంటనే రాసిన కృతజ్ఞతల ఉత్తరంలో, తన గెలుపు రూజ్‌వెల్ట్‌తో పాటు అన్న చార్లీ వల్ల కూడా అన్నారు టాఫ్ట్. డబ్బు పెట్టిన అన్నతో తనను ఒకే గాటన కట్టడం రూజ్‌వెల్ట్‌కు గుచ్చుకుంది. తర్వాత సుంకాలు తగ్గిస్తామన్న హామీ నీరుగారి 1909 నాటి బిల్లుగా మిగిలితే, దాన్ని తమ రిపబ్లికన్ పార్టీ తెచ్చిన సుంకాల బిల్లులన్నింటిలో ఉత్తమమైనదని టాఫ్ట్ పొగిడారు. ఇది ఆయన చేజేతులా చేసుకున్నది. 1910 జనవరిలో రూజ్‌వెల్ట్‌కు ప్రాణమిత్రుడైన అటవీ శాఖాధిపతి గిఫర్డ్ పించోను టాఫ్ట్ తొలగించారు. తన మంత్రి మీద బహిరంగంగా ఆరోపణలు చేసిన అధికారిని ఏ అధ్యక్షుడైనా ఉంచుకోడు. అయినా ఆఫ్రికాలో వేటలో ఉన్న రూజ్‌వెల్ట్‌కు అది తన అడవుల మీద దెబ్బలా తోచింది.

అన్నిటికన్నా లోతుగా దిగిన గాయం 1911 అక్టోబరులో యూఎస్ స్టీల్ అనే భారీ ఉక్కు కంపెనీ మీద వేసిన గుత్తాధిపత్యం కేసు. 1907లో బ్యాంకులు కుప్పకూలుతున్న టెన్షన్‌లో ఆ కంపెనీ పెద్దలు ఉదయాన్నే వైట్‌హౌస్‌కు వచ్చారు. టెన్నెసీ కోల్ అండ్ ఐరన్ కంపెనీని కొంటే భయాందోళన తగ్గుతుందన్నారు. అభ్యంతరం చెప్పనని రూజ్‌వెల్ట్ మాటిచ్చారు. నాలుగేళ్ల తర్వాత టాఫ్ట్ ప్రభుత్వం వేసిన దావాలో ఆ కొనుగోలు కూడా నేరాల్లో ఒకటైంది. ఆనాడు అధ్యక్షుణ్ని మోసగించారన్న అర్థం కూడా అందులో ధ్వనించింది. అంటే రూజ్‌వెల్ట్ అమాయకుడని లోకానికి చాటినట్టే. టాఫ్ట్ దృష్టిలో మాత్రం అది చట్టం తన పని తాను చేసుకుపోవడం.

విచిత్రం ఏమిటంటే, ట్రస్టుల మీద, అంటే మార్కెట్‌ను గుప్పిట పట్టిన ఇలాంటి భారీ కంపెనీల మీద, రూజ్‌వెల్ట్ ఏడున్నరేళ్లలో వేసిన కేసుల కంటే టాఫ్ట్ నాలుగేళ్లలో వేసినవే ఎక్కువ. పైకి చూస్తే ఇది గురువు బాటే. కానీ మంచి ట్రస్టేదో చెడ్డదేదో అధ్యక్షుడు తేల్చాలన్నది రూజ్‌వెల్ట్ పద్ధతి. ఆ నిర్ణయాన్ని టాఫ్ట్ కోర్టులకు వదిలేశారు. రూజ్‌వెల్ట్ సహించలేకపోయింది దీన్నేనని నాకనిపిస్తుంది.

1912లో రిపబ్లికన్ ఓట్లు ఇద్దరి మధ్యా చీలిపోయాయి. అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో డెమోక్రాట్ వుడ్రో విల్సన్‌కు 435, రూజ్‌వెల్ట్‌కు 88, టాఫ్ట్‌కు 8. పదవిలో ఉన్న అధ్యక్షుడు మూడో స్థానానికి పడిపోయారు. యూఎస్ స్టీల్ కేసును 1920లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ మరుసటి ఏడాదే టాఫ్ట్ అదే కోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అది చూడటానికి రూజ్‌వెల్ట్ లేరు. 1919లోనే కన్నుమూశారు.