4కే నాణ్యతలో ఇన్‌స్టలేషన్ దర్శనం

ఆన్‌లైన్ శిక్షణలో నాణ్యత తగ్గిపోతోందని కొందరికి బెంగ. వాళ్లు ఈమధ్య హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లకు పేరుపడ్డ అమీర్‌పేట మైత్రీవనం వైపు వెళ్లి ఉండరు. ఒకప్పుడు అక్కడి బోర్డుల మీద కోర్సు పేరు, ఫ్యాకల్టీ పేరు, ఫ్రీ డెమో టైమింగ్ ఉండేవి. ఇప్పుడు వాటితో పాటు 'హై క్వాలిటీ వీడియో రికార్డింగ్స్, లైఫ్‌టైమ్ యాక్సెస్' అన్న హామీ కూడా ఉంటుంది. ఎవరి లైఫ్‌టైమ్ అన్నది మాత్రం రాయరు. వెబ్‌సైట్‌ది అయ్యుంటుంది.

నాణ్యతంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. ఫుల్ హెచ్‌డీ తెరలో చుక్కలు, అంటే పిక్సెల్స్, 20 లక్షల 73 వేల పైచిలుకు. 4కేలో (సెట్టింగ్స్‌లో 2160 అని ఉండేది ఇదే) అయితే 82 లక్షల 94 వేలు. పాఠం అదే, చుక్కలు నాలుగింతలు. సార్‌కు సబ్జెక్ట్ ఎంత వచ్చో కొలిచే సాధనం ఇంకా మార్కెట్లోకి రాలేదు. చుక్కల్ని ఎవరైనా లెక్కపెట్టొచ్చు. లెక్కకు దొరికేదానికే ఫీజు తీసుకోవడంలో ఒక నిజాయితీ ఉంది.

ఇక జావా అనే ప్రోగ్రామింగ్ భాష కోర్సులో మొదటి వీడియో తెరుద్దాం. "స్క్రీన్ కనిపిస్తోందా? వాయిస్ వస్తోందా? ఒకసారి చాట్‌లో ఎస్ అని పెట్టండి" అంటారు సార్. ఆయన అడిగింది ఎప్పటిదో లైవ్ బ్యాచ్‌ని. అయినా నరసరావుపేటలో రాత్రి పదకొండింటికి రికార్డింగ్ చూస్తున్న అమ్మాయి మర్యాదకు తలూపుతుంది. సార్ ఎస్‌ల కోసం ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపులో ఒక్క పిక్సెల్ కూడా చెదరదు.

తర్వాత ఇన్‌స్టలేషన్. ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. అరవై శాతం దగ్గర ఆగుతుంది. సార్ కూడా ఆగుతారు. ఈ ముక్క కోసేయొచ్చు కదా అంటారు ఎడిటింగ్ తెలిసినవాళ్లు. కోసేస్తే 'రియల్ టైమ్ ఫ్యాకల్టీ' అన్న మాటకు విలువేముంటుంది? పైగా 'వంద గంటల కంటెంట్' అని ప్రకటించేశాక ఆ గంటలు ఎక్కడో అక్కడి నుంచి రావాలి. గీత నడుస్తున్నంతసేపూ మనకు సార్ డెస్క్‌టాప్ దర్శనం దొరుకుతుంది. 'న్యూ ఫోల్డర్ 7', 'ఫైనల్', 'ఫైనల్ ఒరిజినల్', ఎవరిదో పెళ్లి ఫొటోల జిప్ ఫైలు. కుడివైపు మూలన వాట్సాప్ నోటిఫికేషన్ లేస్తుంది: 'వచ్చేటప్పుడు కొత్తిమీర మర్చిపోకండి.' పాతకాలపు 360 వీడియోలో దీన్ని చదవాలంటే కళ్లు చికిలించాల్సి వచ్చేది. టెక్నాలజీ పెరగలేదని ఎవరనగలరు?

అసలు చిక్కు కోడ్ దగ్గర. సార్ ముందున్నది 27 అంగుళాల మానిటర్, చూసే అమ్మాయి చేతిలో ఉన్నది ఆరంగుళాల ఫోన్. అక్షరాలు ఇంత దూరం ప్రయాణించి వచ్చేసరికి నువ్వులు చల్లినట్టు కనిపిస్తాయి. ఎడిటర్‌లో ఫాంట్ సైజు పెంచితే 720లోనూ హాయిగా చదవొచ్చని తెలిసినవాళ్లు చెబుతూనే ఉన్నారు. కంట్రోల్ పట్టుకుని ప్లస్ రెండుసార్లు నొక్కాలి, అంతే. కానీ పైసా ఖర్చు లేని పనిని బ్రోచర్‌లో ఏమని వేసుకోవాలి?

డేటా లెక్క కూడా చూడండి. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున నడిచే వీడియో గంటకు 2.25 జీబీ మింగుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేసుకున్నవాళ్లకు సరిగ్గా 40 నిమిషాలకు పాఠం ఆగిపోతుంది. అక్కడి నుంచి తెర మీద గుండ్రంగా తిరిగే చక్రమే. ఆ చక్రం మాత్రం ఎంత నెమ్మది నెట్‌లోనైనా స్పష్టంగానే వస్తుంది.

పైరసీ భయం వేరే. ఎక్కడ టెలిగ్రామ్‌లోకి ఎక్కిస్తారో అని విద్యార్థి ఫోన్ నంబర్‌నే తెర మీద తేలేలా చేస్తారు. ఆ నంబర్‌కు దివ్యదృష్టి ఉంటుంది. సార్ ఏ లైన్‌లో తప్పు దిద్దుతారో ముందే కనిపెట్టి అక్కడికెళ్లి నిలబడుతుంది.

ధ్వని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. సీలింగ్ ఫ్యాన్ బాగా వినిపిస్తుంది, మధ్యమధ్యలో సార్ కూడా.

ఈ అభివృద్ధిని చూసి ఓర్వలేని పరిశోధకులూ ఉన్నారు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల్లో విద్యార్థులు వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలను జల్లెడపట్టి 2014లో ఒక నివేదిక ఇచ్చారు. పొట్టి వీడియోలనే జనం ఎక్కువగా నిలబడి చూస్తారట, ఆరు నిమిషాలు దాటితే కష్టమేనట. స్టూడియోలో ఖర్చు పెట్టి తీసినదానికంటే పక్కన కూర్చుని చెబుతున్నట్టుండే వీడియోకే జనం అతుక్కుపోవచ్చట. ఉత్త స్లయిడ్ల కంటే, ఉత్త కోడ్ తెరల కంటే, చేత్తో గీస్తూ చెప్పినదే నయమట. ఆరు నిమిషాలంటే ఎలా? మన ఇంట్రోలో లోగో గిర్రున తిరిగి, నిప్పులు కురిపించి, కిందకు దిగడానికే సరిపోదు.

ఎన్‌పీటెల్ సంగతి మరీ బాధాకరం. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల పథకం అది. పాత రికార్డింగుల్లో చాలావాటిలో ఒక ప్రొఫెసర్, ఒక బోర్డు, కాస్త మసక. ఇంట్రో మ్యూజిక్ ఊసే లేదు. అయినా ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌కు చదివే పిల్లలు ఇంకా వాటినే వెతుక్కుని చూస్తున్నారు. ఇంత తక్కువ రిజల్యూషన్‌లో అర్థం చేసుకోవడాన్ని ఎవరూ ఆపడం లేదు.

మన అమ్మాయి మాత్రం పట్టుదల కలది. జావా ముగించి క్లౌడ్ కోర్సులోకి దిగింది. వీడియోలో సార్ మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ 'అజూర్' పోర్టల్ తెరిచి, యూజర్ల లాగిన్లు చూసే 'అజూర్ యాక్టివ్ డైరెక్టరీ' మీద క్లిక్ చేయమన్నారు. 4కేలో ఆ పేరు మెరిసిపోతోంది. తన తెర మీద ఎంత వెతికినా అది లేదు. 2023లోనే మైక్రోసాఫ్ట్ దాని పేరును ఎంట్రా ఐడీగా మార్చింది. మార్చమని రికార్డింగ్‌కు ఎవరూ చెప్పలేదు. సపోర్ట్‌కు మెసేజ్ పెడితే పది నిమిషాల్లో జవాబొచ్చింది.

"మేడమ్, సెట్టింగ్స్‌లో క్వాలిటీ 2160 పెట్టుకుని మళ్లీ చూడండి. కనిపిస్తుంది."