బల్లిగారి భోజనం, మన ధర్మసందేహం

అమెరికాలోని తెలుగువారికి వీసా చిక్కులొస్తే లాయర్లున్నారు, గ్రహాలు అనుకూలించకపోతే గుళ్ళున్నాయి. పిల్లవాడు ముచ్చటపడి లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లిని ఇంటికి తెస్తే, దానికి ప్రాణమున్న కీచురాళ్ళు పెట్టవచ్చునా అని శాకాహార కుటుంబం అడగడానికి మాత్రం దిక్కు లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ఇది అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతాలకు చెందిన బల్లి. మచ్చల ఒళ్ళు, లావు తోక. ఇంటి బల్లికున్నట్లు వేళ్ళకు అతుక్కునే మెత్తలు లేవు కనుక గోడ ఎక్కలేదు, కప్పు మీది నుంచి నెత్తిన పడనూ లేదు. పంచాంగంలోని బల్లి శాస్త్రం దీనికి వర్తించదు; కంచి బంగారు బల్లిని తాకి వచ్చే ఖర్చూ తప్పుతుంది. నష్టమల్లా, ఆకూ అలమూ ముట్టదు. పప్పన్నం అలవాటు చేద్దామనుకునే తల్లులు ఆశ వదులుకోవాలి.

కీచురాళ్ళను దుకాణంలో ప్రాణాలతోనే డబ్బాలో పెట్టి అమ్ముతారు. తెచ్చిన వెంటనే వేయకూడదు. 24 గంటల ముందు నుంచి వాటికి క్యారెట్, ఆకుకూరలు మేపాలి. ఆ పోషకాలే బల్లికి చేరతాయి. తరువాత కాల్షియం పొడిలో దొర్లించాలి, లేకపోతే బల్లి ఎముకలు మెత్తబడతాయి. చంపబోయే జీవికి విందు చేసే ఆచారం తమ వంశంలో లేదని ఒక బామ్మగారు నిష్ఠూరమాడారు. అప్పుడామె కట్టుకున్నది ధర్మవరం పట్టుచీర. దాని దారం కోసం వేలాది పురుగులు గూళ్ళలోనే ఉడికాయి, అదీ శుభ్రంగా మల్బరీ ఆకులు మేశాకనే. ఆ పట్టుపురుగులనే ఇక్కడ బల్లుల మేతగానూ అమ్ముతారని ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మన ఊళ్ళలో ట్యూబ్‌లైటు వెనక బల్లి తరతరాలుగా పురుగులను తినే ఇదే పని చేస్తోంది. దాని కిందే కంచాలు పెట్టుకుని తిన్నాము. దోమల బ్యాటు చిటపటలాడినా ఎవరి ముద్దా ఆగలేదు. అక్కడ పాపం బల్లి ఒక్కదానిదే, ఇక్కడ రసీదు మన పేరున ఉంది. 'జీవో జీవస్య జీవనమ్', జీవికి జీవే ఆహారం, అన్న భాగవతం, పురుగును బల్లి నోటికి అందించే పట్టకారు ఎవరు పట్టుకోవాలో చెప్పలేదు.

కనుక పట్టకారు పిల్లవాడిదే. బల్లి మేతకే తెచ్చే మీల్‌వార్మ్ పురుగుల డబ్బాను ఫ్రిజ్‌లో పెరుగు పక్కన పెట్టరాదు. మిగిలిన కీచురాళ్ళను రాత్రి తొట్టెలో వదిలితే అవే బల్లిని కొరుకుతాయి. అప్పుడు ఎవరి పక్షం వహించాలో ఇంటిల్లిపాదీ ముందే తేల్చుకోవాలి.

ఎదిగిన గెకోకు రోజూ మేత అక్కర్లేదు, తోకలో కొవ్వు దాచుకుంటుంది. ఏకాదశి ఉపవాసం నిరాటంకంగా చేయించవచ్చు. చిక్కల్లా ద్వాదశి పారణతోనే.