గీసిన గీతకు లెక్క చెప్పాలి

మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించిన వార్డుల హద్దుల ముసాయిదాను తీరిగ్గా చదివే ఓటరు అరుదు. చదివినా అందులో కనిపించేవి దిక్కులే తప్ప పటం కాదు. ఉత్తరాన ఫలానా ఇంటి నంబరు మొదలుకొని మోరీ దాకా, తూర్పున ఆ మోరీ వెంట సీసీ రోడ్డు దాకా, అక్కడి నుంచి పడమరకు తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ దాకా అంటూ సాగే ఆ వాక్యాల్లో తన గల్లీ ఎక్కడ పడిందో తేల్చుకోవాలంటే ఎవరికి వారు కాగితం మీద బొమ్మ గీసుకోవలసిందే. అయినా నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో మసీదు చుట్టూ అల్లుకున్న పాత మొహల్లాకు, ఊరి చివరి దళితవాడకు తమ మనిషి కౌన్సిల్లో కూర్చునే అవకాశం ఉన్నదా లేదా అన్నది, గీత ఆ మోరీకి ఇవతల పడిందా అవతల పడిందా అన్న దానితోనే చాలావరకు తేలిపోతుంది.

వెయ్యి మంది చొప్పున ఓటర్లున్న నాలుగు వార్డులను ఊహించుకుందాం. మొత్తం 4,000 మందిలో ఒక వర్గం వారు 1,200 మంది. అందరూ ఒక్క చోటే ఉంటున్నారు. వారి బస్తీ మధ్య నుంచి గీతలు పోనిచ్చి వార్డుకు 300 మంది చొప్పున పంచితే వారు ఎక్కడా 30 శాతం దాటరు. వెయ్యి మందిని ఒకే వార్డులో కుక్కి, మిగిలిన 200 మందిని పక్క వార్డులో కలిపితే ఒక్క సీటుతో సరి. 600 మంది చొప్పున రెండు వార్డుల్లో ఉంచితే రెండింటిలోనూ వారి మాట చెల్లుతుంది. దొంగ ఓటు ఒక్కటీ పడలేదు, జాబితా నుంచి ఒక్క పేరూ పోలేదు, ఫలితం మాత్రం మూడు రకాలుగా వచ్చింది.

ఈ విద్యకు అమెరికాలో జెర్రీమాండరింగ్ అని పేరు. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ ఆమోదించిన పటంలో ఒక నియోజకవర్గం బల్లిని పోలిన సాలమాండర్‌లా ఉన్నదని పత్రికలు ఎగతాళి చేయగా పుట్టిన మాట ఇది. ఎగతాళిగా మొదలైనది నల్లజాతి ఓటర్ల విషయంలో క్రూరంగా మారింది. 1957లో అలబామా శాసనసభ టస్కెగీ పట్టణపు చతురస్రాకార హద్దులను 28 భుజాల వింత ఆకారంగా మార్చింది. పట్టణంలో ఓటు హక్కున్న 400 మంది నల్లజాతీయుల్లో నలుగురైదుగురు తప్ప అందరూ ఇల్లు కదలకుండానే ఊరి బయట తేలారు. తెల్లవారి ఓటు ఒక్కటీ బయటకు పోలేదు. చార్లెస్ గొమిలియన్ అనే అధ్యాపకుడు కోర్టుకెక్కగా, 1960లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టం నిలవదని తేల్చింది. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చింది. అంతటితో జబ్బు నయమైందా అంటే, అదే అలబామాలో జనాభాలో నాలుగో వంతుకు పైగా ఉన్న నల్లజాతి వారికి ఏడు పార్లమెంటు సీట్లలో ఒక్కదానిలోనే గెలుపు అవకాశం మిగిల్చిన పటాన్ని 2023లో మళ్లీ సుప్రీంకోర్టే తప్పుపట్టవలసి వచ్చింది.

మన దేశంలో శాసనసభ, లోక్‌సభ స్థానాల హద్దులను పాలక పక్షం గీయదు. అమెరికా రాష్ట్రాల్లో ఎక్కువచోట్ల శాసనసభలే ఆ పని చేస్తుండగా, ఇక్కడ దానికి, అంటే నియోజకవర్గాల పునర్విభజనకు, ప్రత్యేక కమిషన్ ఉన్నది. ఈ తేడా చిన్నది కాదని మేము ఒప్పుకుంటాం. అయితే కమిషన్ గీసిన గీతకు కారణం అడిగే దారి మాత్రం ఇక్కడ ఇరుకు. పునర్విభజన చట్టాలను కోర్టులో ప్రశ్నించరాదని రాజ్యాంగం 329వ అధికరణం అంటున్నది. కమిషన్ ఉత్తర్వును సభ ముందు పెడతారు గానీ సవరించే అధికారం సభకు లేదు. సహ సభ్యులుగా కూర్చునే ఎంపీలకు, ఎమ్మెల్యేలకు అక్కడ ఓటు లేదు. 2024లో కిషోర్‌చంద్ర రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు, ఉత్తర్వు బాహాటంగా నిరంకుశమై రాజ్యాంగ విలువలకు విరుద్ధంగా ఉంటే న్యాయ సమీక్షకు అడ్డు లేదని చెప్పి తలుపు కొంచెం తెరిచింది. కానీ కారణాలు రాయని ఉత్తర్వు నిరంకుశమని సామాన్యుడు ఎలా నిరూపించగలడు?

మన ప్రాంతం సంగతే చూద్దాం. జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 జనాభా లెక్కల ఆధారంగా గీసిన హద్దులతో 2009 ఎన్నికలు జరిగాయి. అంతకుముందు ఎస్సీ స్థానాలైన సూర్యాపేట, ఆలేరు, షాద్‌నగర్ జనరల్ అయ్యాయి. నకిరేకల్, తుంగతుర్తి, అలంపూర్ ఎస్సీకి మారాయి. మిర్యాలగూడ లోక్‌సభ స్థానం పోయి భువనగిరి వచ్చింది. తెలంగాణలోని 12 ఎస్టీ అసెంబ్లీ స్థానాల్లో ఉమ్మడి నల్లగొండకు దక్కింది దేవరకొండ ఒక్కటి. ఉమ్మడి పాలమూరుకు ఒక్కటీ లేదు. నల్లమలలో చెంచు గిరిజనుల పెంటలు, అంటే అడవి గూడేలు, ఉన్న అచ్చంపేట ఎస్సీ స్థానం. దళితులకు ఆ స్థానం న్యాయంగా దక్కినదే, దానిపై మాకు పేచీ లేదు. అయితే అడవిలోని కొద్దిపాటి చెంచు ఓటు ఎన్నడూ లెక్కకు రాని ఓటుగానే మిగులుతున్నదన్నదీ నిజమే. రిజర్వేషన్ లేని ముస్లింల పరిస్థితి మరో రకం. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్‌లలో ముస్లింలు గణనీయంగా ఉన్న స్థానాలను ఎస్సీకి కేటాయించిన తీరును, ముస్లింల స్థితిగతులను పరిశీలించిన సచార్ కమిటీ 2006లోనే ఎత్తిచూపింది. ఇద్దరు బలహీనులను ఒకే కుర్చీ కోసం ఎదురెదురుగా నిలబెట్టే పటం ఇద్దరికీ మేలు చేయదు.

రాబోయే పునర్విభజనలో గీతలు ఇక్కడ మరింతగా కదులుతాయి. పరిపాలనా హద్దులను దృష్టిలో ఉంచుకోవాలని 2002 నాటి పునర్విభజన చట్టం చెప్పింది. 2016 తరువాత మన జిల్లాల హద్దులే మారిపోయాయి. తుంగతుర్తి నియోజకవర్గం నేడు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నల్లగొండ జిల్లాల్లో పరుచుకొని ఉన్నది. కల్వకుర్తి సగం నాగర్‌కర్నూల్‌లో, సగం రంగారెడ్డిలో. కొడంగల్ వికారాబాద్, నారాయణపేటల మధ్య. వీటిని సరిచేయవలసిందే. ఆ సవరణ చాటున ఏ తండాలను ఎటు నెట్టారు, ఏ మండలాన్ని ఎందుకు విడదీశారు అన్నది మాత్రం చాటుగా ఉండకూడదు.

కులాన్నీ మతాన్నీ చూసి గీత గీయడమే తప్పు కదా అని వాదించేవారున్నారు. ఒక వర్గానికి సీటు కట్టబెట్టేలా గీయమని మేమూ అడగడం లేదు. ఒక్కచోట బతికే జనాన్ని కారణం లేకుండా చీల్చవద్దని, చీల్చవలసి వస్తే ఆ కారణం రాసి చూపించమని అడుగుతున్నాం. కృష్ణా నది, నల్లమల అడవి అడ్డు వచ్చాయంటే అర్థం చేసుకుంటాం.

వార్డుల విషయంలో ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి. అక్కడ స్వతంత్ర కమిషన్ లేదు, గీసేది ప్రభుత్వ యంత్రాంగమే. 243జెడ్‌జీ అధికరణం అక్కడా కోర్టులకు అడ్డుకట్ట వేసింది. కాబట్టి ముసాయిదాతో పాటు ప్రతి వార్డు పటాన్ని, అందులోని ఎస్సీ, ఎస్టీ జనాభా వివరాలను, పాత హద్దు ఎక్కడ మారిందో, ఎందుకు మారిందో తెలిపే కారణాన్ని తెలుగులోనూ, రాష్ట్రపు రెండో అధికార భాష అయిన ఉర్దూలోనూ ప్రకటించాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికి ‘పరిశీలించి తిరస్కరించడమైనది’ అనే ముద్రతో సరిపెట్టకుండా రాతపూర్వక జవాబివ్వాలి. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు, కలెక్టర్లు తలచుకుంటే చాలు.

2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా జనగణన ప్రకటించారు. పునర్విభజనలో సీట్ల సంఖ్య మీద ఉత్తరాది, దక్షిణాది వాదన అప్పుడే హోరెత్తుతున్నది, తెలంగాణకు ఎన్ని స్థానాలన్నది ముఖ్యమే. కానీ ఉన్న సీట్ల లోపలి గీతల గురించి మన పార్టీలేవీ నోరు విప్పడం లేదు. కమిషన్ బహిరంగ విచారణలకు వచ్చేనాటికి అఖిలపక్షం పేరిట నాయకులు హైదరాబాద్‌లో వినతిపత్రాలు ఇచ్చి వస్తారు. లింగాల మండలం అప్పాపూర్ పెంట నుంచి ఒక చెంచు మనిషి తన అభ్యంతరం చెప్పుకోవాలంటే అడవి దాటి అంత దూరం రాలేడు. విచారణలలో ఒక్కటైనా అచ్చంపేటలోనో మన్ననూరులోనో జరిపించాలని రాష్ట్ర ప్రభుత్వం ఇప్పుడే కేంద్రానికి రాయాలి.