పక్క లోయకి పదకొండు టర్నులు

రాత్రి పదకొండున్నర. "ఈ ఒక్క టర్న్ ఆడి పడుకుంటా" అన్న మాట ఏడోసారి వినిపించింది. ఆట సివిలైజేషన్ 5, టర్నుల వారీగా, అంటే వంతుల వారీగా, రాజ్యాలు కట్టి పోరాడే కంప్యూటర్ ఆట. మ్యాపు హ్యూజ్, అంటే అన్నిటికంటే పెద్దది. టర్న్ నంబరు 214. కొండల అవతల శత్రువు కోట, ఇవతల మన ఫిరంగి, మధ్యలో ఒకే ఒక్క కనుమ. చూపుకి నాలుగు టర్నుల దూరం. ఆటగాడు కోట ముందు గడి మీద రైట్ క్లిక్ కొట్టి, నెక్స్ట్ టర్న్ నొక్కి, పాలు కాచుకోవడానికి వంటింట్లోకి నడిచాడు. దారి చూపించే గీత చివర, పట్టే టర్నుల లెక్కగా, 11 అనే అంకె వెలిగి ఆరిపోయింది. అది చూసిన నాథుడు లేడు.

పాలు కాగాయి, పొంగాయి, పొయ్యి తుడవడమూ అయింది. తెరమీద ఇంకా 'ప్లీజ్ వెయిట్'.

పాపం కంప్యూటర్‌ది కాదు. హ్యూజ్ మ్యాపంటే అడ్డం 128, నిలువు 80, మొత్తం 10,240 గడులు. మామూలు లెక్క ప్రకారం 12 నాగరికతలు, 24 నగర రాజ్యాలు, చాలవన్నట్టు బందిపోట్లు. బంతి భోజనంలో ఒక్కడే వడ్డిస్తున్నట్టు, వీళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు ఆడాలి. ఒక్కొక్కరి దగ్గర ఉన్న ప్రతి యూనిట్‌కీ (విలుకాడో, ఫిరంగో) దారి వెతకాలి. ఇక్కడే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నవాళ్ళు బోల్తా పడతారు. ఆ కార్డు సముద్రాన్ని మిలమిలలాడిస్తుంది గానీ, దారులు వెతికే చాకిరీ అంతా ప్రాసెసర్‌దే.

ఇలా దారులు వెతికే పద్ధతుల్లో పేరుమోసినది ఏ-స్టార్. 1968లో పీటర్ హార్ట్, నిల్స్ నిల్సన్, బెర్ట్‌రామ్ రాఫెల్ దీన్ని ప్రకటించారు. షేకీ అనే రోబో గదుల్లో తిరగడానికి దారి కావాల్సి వచ్చింది. నడిచేటప్పుడు వణికేది కాబట్టి దానికి ఆ పేరు. పద్ధతి తెలివైనదే: ఇంతదాకా అయిన ఖర్చుకి, ఇకమీదట కావొచ్చని అంచనా వేసిన ఖర్చు కలిపి, ఏ గడి చవగ్గా కనిపిస్తే ముందు దాన్ని తడుముతుంది. దారంటూ ఉంటే చకచకా తేల్చేస్తుంది. లేకపోతేనే తంటా. లేదని చెప్పాలంటే వెళ్ళగలిగిన ప్రతి గడినీ తడిమి రావాలి. పోయిన కళ్ళజోడు కోసం ఇల్లంతా గాలించినట్టే. అది నెత్తిమీద ఉందని చెప్పేవాళ్ళు అక్కడెవరూ ఉండరు.

దారులు ఎందుకు మూసుకుపోతాయంటే, 2010లో వచ్చిన ఈ ఐదో ఆటలో గడికి ఒకే సైనిక యూనిట్ ఆగాలి. 2005 నాటి నాలుగో ఆటలో ఒకే గడిలో ఎంత సైన్యాన్నైనా పల్లెటూరి ఆటోలో కుక్కినట్టు కుక్కేవాళ్ళు. ఐదులో ప్రతి గడిలోనూ ఎవడో ఒకడు బస్సు సీటుకి కర్చీఫ్ వేసినట్టు కూర్చునుంటాడు. మనవాడైతే వాణ్ణి దాటుకుని పోవచ్చు, కానీ అవతలికి చేరేటన్ని అడుగులు మిగలాలి. టర్న్‌కి ఫిరంగికి ఉన్నవి రెండే అడుగులు. గుట్ట ఎక్కడానికి రెండూ సరి. అంటే గుట్ట ఎక్కిన ఫిరంగి ఆ టర్న్‌కి అక్కడే ఆగాలి. అక్కడ మనవాడే ఒకడు ఉంటే ఆగడం కుదరదు, కాబట్టి ఎక్కడమే కుదరదు.

కనుమ పొడుగు రెండు గడులు. రెండూ గుట్టలే. రెండో గుట్టమీద ఒక విలుకాడు. ఎప్పుడో బందిపోట్ల భయంతో అక్కడ కాపలా పెట్టి, ఇక ఆజ్ఞలు అడక్కుండా ఫోర్టిఫై నొక్కి, మరిచిపోయిన మనిషి. లోకం తుపాకుల్లోకి వచ్చినా ఆయన బాణం దించలేదు.

అందుకని ఫిరంగి బుద్ధిగా చుట్టుదారి పట్టింది. ముందు పక్కనున్న నగర రాజ్యపు పొలాల్లోంచి పోయింది. స్నేహం లేని నగర రాజ్యంలో అడుగు పెడితే మన పలుకుబడి తరుగుతుంది. బంగారం పోసి కొనుక్కున్న మర్యాద ఫిరంగి చక్రాల కింద నలిగింది. తర్వాత సముద్రం. నీళ్ళలో దిగడంతోనే ఆ టర్న్‌లో మిగిలిన అడుగులన్నీ చెల్లు. పైగా నీళ్ళమీద ఫిరంగి ఫిరంగి కాదు, పేల్చలేని సామాను. దారి వేసిన బుర్రకి కంటికి కనిపించే గడుల సంగతే తెలుసు. పొగమంచులో కాచుకున్న దొంగల ఓడ దాని లెక్కలోకి రాలేదు.

పాలగ్లాసుతో తిరిగొచ్చిన ఆటగాడు, కొండల్లో ఉండాల్సిన ఫిరంగి కెరటాల మీద ఊగుతుంటే చూసి, ముందుగా ఏఐని తిట్టాడు. ఆనక, ఆట తనంతట తానే దాచుకున్న పాత టర్న్ కోసం, ఆటోసేవ్ తెరిచాడు.

తెలిసినవాళ్ళు చేసే పని వేరు. రైట్ క్లిక్ మీట నొక్కిపట్టి, అంకె చూసి, అప్పుడు వదులుతారు. నాలుగు రావాల్సినచోట పదకొండు వస్తే ఎవడో అడ్డున్నాడని అర్థం. అప్పుడు ఫిరంగిని ఒక్కో గడీ చేత్తో నడిపించి, మొదటి గుట్ట ఎక్కించి ఆపాలి. మరుసటి టర్న్‌లో విలుకాడి గడి మీద క్లిక్ చేస్తే, ఇద్దరికీ అడుగులు మిగిలుంటే, చోట్లు మార్చుకుంటారు. రోడ్డు వేయిస్తే ఇంకా మేలు. గుట్ట ఖర్చు తగ్గి, ఎవడున్నా దాటుకుపోవచ్చు. టర్నుల ఆలస్యానికి మందు లేకపోలేదు: నడకలు, పోరాటాలు బొమ్మల్లో చూపించకుండా చప్పున తేల్చే క్విక్ మూవ్‌మెంట్, క్విక్ కాంబాట్ టిక్ పెట్టడం, ఆట మొదలుపెట్టేటప్పుడే నగర రాజ్యాల సంఖ్య తగ్గించడం. స్టాండర్డ్ మ్యాపైతే 80 బై 52, అంటే 4,160 గడులే. కానీ ఆట మొదట్లో హ్యూజ్ అన్న మాట ఎంత నోరూరిస్తుందో, పెళ్ళిలో రెండో జాంగ్రీ అడిగినవాడికి తెలుసు.

ఆటగాడు ఈసారి పద్ధతిగానే చేశాడు. ఫిరంగి, విలుకాడు చోట్లు మార్చుకున్నారు. నిద్రలేచిన విలుకాడు మాత్రం ప్రతి టర్నూ "నాకేం పని?" అని అడగడం మొదలెట్టాడు. ఒకటిన్నర అయింది. విసిగిపోయిన ఆటగాడు ఆయన్ని ఉన్నచోటే, మొదటి గుట్టమీదే, ఫోర్టిఫై చేసి పడుకోబెట్టాడు.

రాజధానిలో రెండో ఫిరంగి తయారైంది.